ఉసిలి కాని మాట

పొద్దున్నే వాకిలి చిమ్మేటప్పుడు మునెమ్మ చీపురుకు ముందుగా తగిలేది కూతురు నిన్న సాయంత్రం చదువుకున్న ఇంగ్లీషు. తిన్నె మీద, గడప పగుల్లో, నీళ్ళ తొట్టి అంచున, ఎక్కడ చూసినా రాలిన రెక్కలే. ఉల్లిపొర కంటే పల్చగా ఉండేవి. చీపురు తగిలితే లేచేవి, మళ్ళీ అక్కడే వాలేవి. రెక్కలు విడిచిన పురుగులను కోళ్ళు ముందే ఏరుకుని తినేసి, ఇంకా ఏమైనా చదువుతుందేమోనని నళిని చుట్టూ తిరుగుతుండేవి.

"ఇంత చదివి ఏం లాభమే? అంతా కోళ్ళకే పోతా ఉండాది," అనేది మునెమ్మ.

"పోనీలేమ్మా, ఊళ్ళో కోళ్ళన్నా బాగుపడతాయి."

"నీ నోరుంది చూడు..."

"నా నోరుంది గాబట్టే నీకు చిమ్మే పని ఉండాది," అని నళిని జడ చివర రబ్బరు బ్యాండు బిగించి, చెప్పులేసుకుని కృష్ణగిరి బస్సుకు పరిగెత్తేది.

వేప్పనపల్లి చుట్టుపక్కల ఊళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. తెలియని ఇంగ్లీషు మాట పలికితే అది నోట్లోంచి ఉసిలి అయి బయటికి వస్తుంది. తొలకరి వాన వెలిసినాక పుట్టలోంచి లేచే రెక్కల పురుగులు ఎట్లుంటాయో అట్లే. దీపం చుట్టూ కాసేపు తిరుగుతుంది, రెక్కలు విడుస్తుంది, పాకుతూ పోతుంది. తెలిసి పలికితే ఏమీ రాదు. బస్సు, టిక్కెట్టు, కరెంటు, ఇంజెక్షను లాంటి మాటలకు పురుగు లేవడం ఎవరూ చూడలేదు. కోర్టు అనే మాటకైతే నళిని వాళ్ళ నాచనపల్లిలో పసిపిల్లలకు కూడా లేయదు, గట్టు తగాదాల పుణ్యాన. తంటా అంతా పుస్తకంలో ఉండే మాటలతోనే. బడిలో ఇంగ్లీషు పీరియడు గంట కొడితే, అయ్యవారు చెప్పకముందే పిల్లలు కిటికీలు తెరిచేవాళ్ళు. తెలుగులో, తమిళంలో, కన్నడంలో ఎన్ని అబద్ధాలు ఆడినా దోమ కూడా లేవదు. ఇంగ్లీషుకే ఎందుకిట్ల అని అడిగినవాళ్ళు లేరు. నీళ్ళు పల్లానికే ఎందుకు పోతాయని ఎవరడుగుతారు?

హోసూరులో ఫ్యాక్టరీలు వచ్చినాక ఈ పురుగుకు ఒక ఉద్యోగం కూడా దొరికింది. పెళ్ళికొడుకులంతా "హోసూరులో పర్మనెంటు" అని చెప్పుకుని పిల్లనడిగే రోజులవి. ఎవరో ముసలాయన గమనించినాడు, పర్మనెంటు అన్నప్పుడల్లా ఆ పిల్లగాళ్ళ మీసాల కింద నుంచి ఉసిళ్ళు లేస్తున్నాయని. అప్పటినుంచి తాంబూలం మార్చుకునే ముందు పిల్లవాడు పెద్దల ముందర ఒక ఇంగ్లీషు మాట పలకాల. తర్వాత పిల్ల ఒకటి పలకాల. పురుగు లేవకపోతే ఆ మాట రాతి మీద గీత. దానికి ఎదురు చెప్పేవాళ్ళుండరు. చాలామంది తెలివిగా లారీ అనో డ్యూటీ అనో అనేవాళ్ళు. ఆడపిల్లలు సోపు, పౌడరు అని నవ్వుకుంటూ లోపలికి పోయేవాళ్ళు. అట్లా అది ఒక సరదా అయిపోయింది.

నళినికి మాత్రం అది సరదాగా కనబడలేదు. తొంభై ఎనిమిదో సంవత్సరం అది, ప్లస్ టూ పాసయి ఇంట్లో ఉంది. ఆ పిల్ల లెక్క ఇది: ఆడపిల్ల తెలుగులో వద్దు అంటే సిగ్గు అంటారు. గట్టిగా వద్దు అంటే పొగరు అంటారు. ఏడుస్తూ వద్దు అంటే పుట్టింటి మీద బెంగ అంటారు. ఎట్లా అన్నా అది వద్దు మాత్రం కాదు. అదే తాంబూలం పళ్ళెం ముందర, పురుగు లేవని ఇంగ్లీషు మాట ఒకటి నిలబెడితే ఊరిపెద్ద శ్రీరంగప్ప కూడా పళ్ళెం వెనక్కి తీసుకోవలసిందే. అటువంటి మాట ఒకటి కావాల. పెళ్ళిమాటలకు పనికిరాని ఆడి నెల రాకముందే కావాల.

ఎందుకంటే ఆడికి ముందు తాంబూలం పెట్టుకున్నారు, మేనమామ ఆంజప్పతో.

నళిని పుట్టిన రోజు, మునెమ్మ తల్లి పుట్టమ్మ ఆ పసిగుడ్డును తీసుకుపోయి గోలీలాడుకుంటున్న తన కొడుకు ఒళ్ళో పెట్టి, "ఇదిగోరా నీ పెండ్లాం, కింద పడేయొద్దు," అని చెప్పింది. అంతే. ఆ తర్వాత ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆంజప్ప పెద్దవాడయ్యి మామిడి తోటలు గుత్తకు పట్టేవాడయినాడు. పూత మీదే తోట కొంటాడు. ప్రతి చెట్టు కింద నిలబడి, కొమ్మల్లోకి చూసి, ఇన్ని టన్నులు వస్తుందని చెప్తాడు. చెప్పింది తప్పేది చాలా తక్కువ. సొంత టెంపో ఉంది. తాగడు. అక్క మునెమ్మ ఎంత అరిచినా ఎదురు మాట్లాడడు. ఇంతకంటే ఏం కావాల అని ఊరంతా అనేది. ఆ ప్రశ్న కూడా నళిని వైపు తిరిగి అడిగింది కాదు, గాలిలోకి అన్నది.

నళినికి కావలసింది కృష్ణగిరి ఆడపిల్లల కాలేజీలో సీటు. అర్జీలు ఇచ్చే గడువు కూడా ఆ వారంలోనే ముగిసేది. రెండిట్లో ఒకటే జరుగుతుంది.

అసలు ఈ రంధి పట్టుకున్నది హోసూరులో. తమిళంలో వాదానికి నిలబడితే నళినికి ఎదురుండేది కాదు. అవతలివాడి మాట నోట్లో ఉండగానే దానికి జవాబు అందించే పిల్ల. ఆ ధైర్యంతోనే ప్లస్ టూలో ఉండగా బడుల మధ్య ఇంగ్లీషు పోటీకి పేరిచ్చింది. విషయం ఆడవాళ్ళ స్వేచ్ఛ. గైడు చూసి బట్టీ పట్టింది, అద్దం ముందర చేతులు ఊపి సాధన చేసింది. వేదిక ఎక్కి ఫ్రీడమ్ అన్నది, ఒక ఉసిలి లేచింది. ఈక్వాలిటీ అన్నది, ఇంకొకటి. అక్కడ ఆగి ఉంటే పోయేది. ఆగే రకం కాదు కదా. ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా మాట్లాడింది. ట్యూబ్‌లైటు మూసుకుపోయేంతగా ముసిరినాయి. న్యాయనిర్ణేతలు టీ గ్లాసుల మీద పేపర్లు కప్పుకున్నారు. ఎవరూ నవ్వలేదు, పురుగులు లేవడం మామూలే. ఓడిపోయినందుకు కూడా బాధ లేదు. కానీ బస్సులో తిరిగి వస్తూ ఒక్కో మాటా నెమరువేసుకుంది. ఫ్రీడమ్ తెలియకపోవడం సరే, ఊళ్ళో ఎవరికి తెలుసు గనక. ఛాయిస్ కూడా లేచింది. చిన్న మాట. షాపులో గాజులు కొనేటప్పుడు వాడే మాట. అది కూడా నాకు తెలియదా?

ఆ రోజు నుంచి ఒక చోట కూర్చోలేకపోయింది. కృష్ణగిరిలో రోడ్లు కలిసే రౌండాణా పక్కన, సైకిలు షాపు మీద మేడగదిలో జనార్ధనరావు ఇంగ్లీషు చెప్తాడని తెలిసి అక్కడ చేరింది.

జనార్ధనరావు హోసూరు తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కల్చర్, సివిలైజేషన్ అన్నప్పుడు ఆయన నోట్లోంచీ ఉసిళ్ళు లేచేవి. రుమాలుతో మీసం దులుపుకుని పాఠం సాగించేవాడు. కానీ సీరియస్, ఎక్స్‌పైర్డ్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ అన్నప్పుడు గదిలో ఈగ కూడా కదిలేది కాదు.

"ఆ మాటలు మీకెట్ల తెలిసినాయి సార్?" అని అడిగింది నళిని.

"బంట్రోతు రాని రోజు తంతి నేనే తీసుకుపోయి ఇచ్చేవాణ్ణమ్మా. కాగితం తెరిచేటప్పుడు వాళ్ళ మొహం చూసేవాణ్ణి."

"అయితే కల్చర్ ఎవరికీ తీసుకుపోయి ఇవ్వలేదా?"

"నీకు పాఠం కావాలా, వాదం కావాలా?"

"రెండూ వద్దు సార్. ఒక మాట కావాల. ఒక మనిషి మనకు తెలీదు, మనకూ ఆ మనిషికీ ఏ ఎరుకా లేదు అని చెప్పేదానికి ఒక్కటే మాట. గట్టి మాట."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "స్ట్రేంజర్," అన్నాడు. నళిని పలికి చూసింది. ఉసిలి లేచి ఆయన సుద్దముక్క మీద వాలింది.

ఆ మాటనే పట్టుకుంది. తాంబూలం రోజు ఆంజప్ప వైపు చూపించి స్ట్రేంజర్ అంటే చాలు. ఒకరినొకరు ఎరగని వాళ్ళకు ముడి ఎట్లా వేస్తారు? వాదం గట్టిది. మాటే నిలబడటం లేదు. బస్సు కిటికీలోకి పలికేది, ఉసిలి. బావి గట్టు మీద పలికేది, ఉసిలి. పిండి రుబ్బుతూ పలికి ఒకసారి ఆ పురుగును కూడా రుబ్బేసి, పిండంతా పారేసి అమ్మ చేత తిట్లు తినింది.

జనార్ధనరావు బోర్డు మీద ఒక రోజు తెలుసుకోవడానికి సంబంధించిన మాటలన్నీ రాసినాడు. రికగ్నైజ్, నోటీస్, రియలైజ్, అవేర్, అండర్‌స్టాండ్. ఆయన రాస్తూ పలుకుతుంటే కొన్ని లేచినాయి, కొన్ని లేవలేదు. నళిని కళ్ళార్పకుండా చూసింది. తెలుసు అనే ఒక ఇంటికి ఇన్ని గదులా? మొదటి గదికే దారి తెలియని దాన్ని నేరుగా చివరి గది తలుపు తడుతున్నానా?

మరుసటి వారం రౌండాణా దగ్గర జనంలో నిలబడి ఉంటే, దూరంగా ఒక మనిషి వీపు కనబడింది. తువ్వాలు తలకు చుట్టుకుని, ఎడమ భుజం కొంచెం దించి నడుస్తున్నాడు. మొహం కనబడలేదు, అయినా నాయన అని తెలిసిపోయింది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గంపలు మోసే వెంకటప్ప భుజం ఎప్పుడు అట్లా వంగిందో కూతురికి తెలియదు, కానీ ఆ వంపును వెయ్యి వీపుల్లో పట్టుకోగలదు. "రికగ్నైజ్," అంది మెల్లగా. ఏమీ లేవలేదు. మళ్ళీ అంది. పక్కన పూలమ్మే ఆమె, "ఏంపా, యాడికి పోవల్ల?" అని అడిగింది, ఏదో ఊరి పేరనుకుని.

నోటీస్ అనే మాట ఇంట్లోనే దొరికింది. అవ్వ పుట్టమ్మ వక్కాకు ఒక దవడతోనే నములుతున్నది.

"అవ్వా, ఎడమ పక్క పన్ను నొస్తా ఉండాదా?"

"శానా దినాలాయె."

"చెప్పలేదే?"

"అడిగితే గదా చెప్పేది. ఈ ఇంట్లో అడిగేవాళ్ళు యాడున్నారు?"

నోటీస్ అంది నళిని, ఏమీ లేవలేదు. కానీ ఆ మాట వచ్చినాక నెమ్మది పోయింది. గమనించడం అనేది ఒకసారి మొదలైతే ఆపడానికి రెప్పలు చాలవు. అమ్మ అరిచే ముందు చెంగు సర్దుకుంటుంది. నాయన అన్నం తినేటప్పుడు ఎవరైనా మాట్లాడితే ముద్ద ఆపేస్తాడు. ఇన్నేళ్ళు వీళ్ళ మధ్యే తిరుగుతూ వాదాలు గెలిచింది, ఇవేవీ చూడలేదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఆంజప్పతో వచ్చింది. చూడకూడదనుకున్నా చూసేది. తోట యజమాని ఎంత పిలిచినా చివరి చెట్టు చూసేదాకా ధర మాట ఎత్తడు. నీళ్ళు తాగినాక చెంబులో మిగిలింది పారబోయడు, ఏదో ఒక చెట్టు మొదట్లో పోస్తాడు. అబద్ధం చెప్పవలసి వస్తే చెవి వెనక గోక్కుంటాడు. చూసే కొద్దీ తెలుస్తున్నాడు. తెలిసే కొద్దీ స్ట్రేంజర్ అన్న మాటకు ఉసిళ్ళు ఇంకా బలంగా, ఇంకా పొడుగు రెక్కలతో లేస్తున్నాయి.

"నాకు నేనే గొయ్యి తవ్వుకుంటాండా సార్," అని జనార్ధనరావుతో అంది. "తెలీదు అని చెప్పేదానికి వచ్చి, తెలుసుకుంటా పోతాండా."

"ఇంకో మాట చూసుకో."

"వేరే మాటకు టైము యాడుంది?"

ఆ వారమే ఆంజప్ప టెంపోలో బస్టాండుకు దించుతానంటే ఎక్కింది. దారి పొడుగునా ఆయన ఈ ఏటి కాపు గురించి, గ్రేడు గురించి, లోడు గురించి మాట్లాడినాడు. ఒక్క పురుగు లేవలేదు. ఆయన ఇంగ్లీషు ఆయన చేతుల్లో అరిగిన ఇంగ్లీషు.

"మామా, నా గురించి నీకేం తెలుసు?"

"ఏం తెలీదు చెప్పు? నడక నేర్పించినాను. బడికి భుజాల మీద మోసినాను."

"అది నా చిన్నప్పటి సంగతి. ఇప్పుడు నేనేం అనుకుంటాండానో తెలుసా?"

"కాలేజీ. అంతే గదా? పెండ్లి కానీ, చూస్తాం."

"తోటకైతే ప్రతి చెట్టు కాడా నిలబడి చూస్తావు. నా కాడ ఒకసారన్నా నిలబడినావా?"

ఆంజప్ప పెద్దగా నవ్వినాడు. "నువ్వేమన్నా తోటవా?"

"కాదు. అదే నేను చెప్పేది," అని తలుపు వేసి దిగిపోయింది. తలుపు సరిగ్గా పడలేదు. ఆంజప్ప వంగి మళ్ళీ వేసుకుని, కాసేపు అక్కడే ఇంజను ఆడిస్తూ ఉండిపోయినాడు.

తాంబూలం రోజు వచ్చింది. ఎండ పెళ్ళున కాస్తున్న పూట, వెంకటప్ప ఇంటి ముందర చాపలు పరిచినారు. మునెమ్మ పొద్దుట్నుంచీ పొయ్యి దగ్గరే. రాగిముద్ద, చారు, పాయసం, ఊళ్ళో సగానికి సరిపడా వండింది. పళ్ళెంలో ఆకులు, వక్కలు, పూలు, పసుపు. శ్రీరంగప్ప గొంతు సవరించుకున్నాడు. నళిని గడప లోపల కూర్చుంది. పొద్దున బావి దగ్గర చివరిసారి స్ట్రేంజర్ అని పలికి చూసింది. లేచింది. అయినా చెప్పితీరాలనుకుంది. పురుగు లేచినా సరే, వాకిలంతా లేచినా సరే. అంతకుమించి ఆ పిల్ల దగ్గర ఇంకే ఆయుధమూ లేదు.

"ఆంజా, ఒక మాట చెప్పప్పా, పని కానిద్దాం," అన్నాడు శ్రీరంగప్ప.

"లోడు అని చెప్పురా," అన్నాడు వెనక నుంచి ఎవరో.

"టన్ను అను, ఇంకా బరువుగా ఉంటాది," అన్నాడు ఇంకొకడు. అంతా నవ్వినారు.

ఆంజప్ప నవ్వలేదు. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చినాడు. ఇంగ్లీషు చదువుకునే పిల్ల ముందర లోడు అంటే బాగుండదని ఎక్కడో అడిగి మంచి మాట తెచ్చుకున్నాడు. గడప వైపు ఒకసారి చూసి గట్టిగానే చెప్పినాడు.

"నాకూ నళినికీ మధ్యలో మంచి అండర్‌స్టాండింగు ఉండాది."

ఉసిలి లేచింది. గోధుమ రంగుది, పొడుగు రెక్కలది. తొందరేమీ లేనట్టు పళ్ళెం చుట్టూ తిరిగి, వక్కల మీద వాలి, ముందు ఒక రెక్క విడిచింది, తర్వాత ఇంకొకటి. పుట్టమ్మ అలవాటుగా దాన్ని ఆకుతో తీసి పక్కన పడేసింది. కోడి వచ్చి తీసుకుపోయింది.

"సరేలేప్పా, అది కొత్త మాట. ఇంకోటి చెప్పు," అన్నాడు శ్రీరంగప్ప. అట్లా ఇంకో మాట చెప్పడం మామూలే. పర్మనెంటు లేస్తే డ్యూటీ అని గట్టెక్కినవాళ్ళు ఎంతమంది లేరు?

ఆంజప్ప కోడి పోయిన వైపు చూస్తున్నాడు.

"రే, టెంపో అని చెప్పి ముగించరా, ఎండగా ఉండాది."

"చెప్తే లేయదు పెద్దప్పా," అన్నాడు ఆంజప్ప. "టెంపోకు లేయదు, లోడుకు లేయదు. అది నాకూ తెలుసు. కానీ ముందు చెప్పింది లేచింది గదా. దాని మీద ఇంకోటి కప్పితే అది లేకుండా పోతాదా?"

"లేస్తే ఏమి? అందరికీ లేస్తాది."

"అందరి సంగతి నాకెందుకు? నేను తెలుసు అనుకునే చెప్పినాను. ఉత్తుత్తిగా చెప్పుంటే నవ్వుకుందును. నాకు నిజంగా తెలుసనుకున్నాను." చెవి వెనకకు చెయ్యి పోలేదు. నళిని అది చూసింది.

చాపల మీద మనుషులు కదిలినారు. శ్రీరంగప్పకు ఇట్లాంటి చిక్కు ఎన్నడూ రాలేదు. తలుపు వైపు తిరిగినాడు.

"అమ్మా నళినీ, నువ్వన్నా ఒక మాట చెప్పు తల్లీ. నీది నిలిస్తే వాడిది సర్దుకుపోతాది."

నళిని లేచి గడప దాటి బయటికి వచ్చింది. నాలుక కొసన ఆ మాట సిద్ధంగా ఉంది. ఆంజప్ప తలెత్తి చూసినాడు. భుజాల మీద ఎత్తుకుని తిరిగిన మనిషి చూపు కాదు అది. బస్టాండులో పక్కన నిలబడినవాళ్ళను, ఏ ఊరో ఏమో అనుకుంటూ చూసే చూపు. ఇప్పుడు ఆ మాట అంటే పురుగు లేవదని ఆ పిల్లకు తెలిసిపోయింది. నెలల తరబడి వెతికిన ఆయుధం చేతికి వచ్చింది. తీరా చూస్తే ఎదురుగా కత్తి పట్టినవాడు లేడు.

"నాకు ఇంగ్లీషు మాట ఏమీ వద్దు పెద్దప్పా," అంది తెలుగులోనే. "మామ చెప్పిందే నా మాట. ఆయప్పకు నేను తెలీదు. ఆయప్ప నాకు ఇప్పుడిప్పుడే కొంచెం తెలుస్తా ఉండాడు. తెలీదని ఒప్పుకుంటే ఎవరి మర్యాదా పోదు. తెలుసని ముడేసుకుంటే బతుకంతా పోతాది. నేను కాలేజీలో చేరతాను."

సిగ్గు అని ఎవరూ అనలేదు. పొగరు అనడానికి మునెమ్మ నోరు తెరిచింది గానీ, తమ్ముడి మొహం చూసి చెంగు సర్దుకుని ఊరుకుంది. శ్రీరంగప్ప పళ్ళెంలో ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, పళ్ళెం మెల్లగా తన వైపు లాక్కున్నాడు.

ముందుగా తేరుకున్నది పుట్టమ్మ. "ఆ మాటేదో తెలుగులో ఏడ్చుంటే అయిపోయుండు గదరా నాయనా," అంది కొడుకుతో. గొంతులో ఎగతాళి ఉంది, కళ్ళల్లో నీళ్ళూ ఉన్నాయి.

"అయిపోయుండు," అన్నాడు ఆంజప్ప. "అదే గదమ్మా."

"ఇంతమందికి వండినానే," అంది మునెమ్మ, ఎవరితోనూ కాకుండా.

"వండింది తినే పోతాంలేమ్మా," అన్నాడు శ్రీరంగప్ప. "అన్నం మీద అలిగేవాళ్ళు ఎవరుండారు?"

విస్తర్లు వేసినారు. ఆంజప్ప ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుని తానే వడ్డించినాడు. నళిని విస్తరి ముందుకు వచ్చినప్పుడు పాయసం గరిటె పట్టుకుని ఆగినాడు. "వేయనా?" అని అడిగినాడు. అంతకుముందు ఎప్పుడూ అడిగినవాడు కాదు, వేసేవాడు.

"కొంచెం," అంది నళిని.

మరుసటి రోజు పొద్దున టెంపో ఇంటి ముందర ఆగింది. వెనక బెంగళూరా మామిడికాయల లోడు, గుజ్జు ఫ్యాక్టరీకి పోయేది. "కాలేజీ దారిలోనే గదా, ఎక్కు," అన్నాడు ఆంజప్ప, మునెమ్మ వినేటట్టుగానే. మునెమ్మ చిమ్ముతూనే ఉంది, తలెత్తలేదు, ఆపలేదు కూడా. వెంకటప్ప వచ్చి కూతురి ఒళ్ళో మార్కుల షీట్ల కవరు పెట్టి, ఏదో చెప్పబోయి, టెంపో తలుపు తానే గట్టిగా వేసినాడు.

నళినికి గెలిచినట్టుగా లేదు, ఓడినట్టుగా లేదు. నెలల పాటు మనసులో కట్టుకున్న వాదమంతా వాడకుండానే మిగిలిపోయింది, దాన్నేం చేయాలో తెలియడం లేదు. పక్కన కూర్చున్న మనిషి గేరు మారుస్తున్నాడు, దగ్గుతున్నాడు. ఆయనకు కోపం ఉందా? ఉంటుంది. ఏ మాత్రం ఉంది? అది తెలియదు. అడగాలి. ఎట్లా అడగాలి?

కురుబరపల్లి దగ్గర పడినాక ఆంజప్పే మాట మొదలుపెట్టినాడు.

"మల్గోవా బుట్ట ఒకటి నీకని పక్కన పెట్టినాను. నిన్న గొడవలో దించేది మరిచినాను. సాయంత్రం దించుతా."

నళిని కిటికీ వైపు చూసింది. తర్వాత ఇటు తిరిగింది.

"మామా, నాకు మామిడిపండు పడదు."

"ఏమి?"

"ఆ వాసనకే తల తిరుగుతాది. చిన్నప్పటినించీ అంతే."

టెంపో వేగం తగ్గింది. ఆంజప్ప దాన్ని రోడ్డు పక్కకు తీసి, చింతచెట్టు నీడలో ఆపి, ఇంజను కూడా ఆపినాడు. వెనక గంపల్లోంచి పచ్చికాయల వాసన గుప్పుమని ముందుకొచ్చింది.

"ప్రతి ఏడూ ఇస్తా ఉంటిని గదా?"

"దూడకు పెడతా ఉంటిని."

"అన్నీ?"

"అవ్వ కూడా తినింది కొన్ని."

ఆంజప్ప స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ఎదురుగా రోడ్డును చూస్తూ కూర్చున్నాడు. ఒక లారీ పోయింది, తర్వాత ఒక బస్సు. పెదవి కొస వణికింది. కోపమో నవ్వో అని నళిని పరీక్షగా చూసింది. నవ్వే.

"ఎంత మంచి మల్గోవా... దూడ బాగా పెరిగిందిలే," అన్నాడు. తాళంచెవి మీద చెయ్యి వేసి, తిప్పకుండా అడిగినాడు. "అయితే నీకు ఏమిష్టం?"

ఏ వేదిక మీదా జవాబుకు తడుముకోని పిల్ల ఆ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తినేదానిలో అని అడిగినాడో, చదువులో అని అడిగినాడో, బతుకులో అని అడిగినాడో చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. టెంపో మళ్ళీ రోడ్డెక్కింది. ఆ ప్రశ్నకు బదులు చెప్పడానికి కృష్ణగిరి మరీ దగ్గర.